పూస ఆకృతి – పూవు రూపం: నల్లమల అంచున ఒక చేతిపని చరిత్ర

వ్యాససంగ్రహం:
పూసలతో చిన్న చిన్న పూలు అల్లే పనిని నేడు తీరికవేళ వ్యాపకంగా లెక్కిస్తున్నారు. ఆ పనిలో పూస ఆకృతి నిర్వహించే పాత్రను దక్కనులో గాజుపూస చరిత్రతో కలిపి ఈ వ్యాసం పరిశీలిస్తుంది. మన్ననూరు పరిసరాల చెంచుల అలంకరణను గురించి సాహిత్యం ఇచ్చిన చిత్రానికీ, అడవికి చేరిన గాజుపూస ఇచ్చే సాక్ష్యానికీ ఉన్న వ్యత్యాసం ఇందులో ప్రధానాంశం.

కీలకపదాలు: గాజుపూస, చెంచులు, మన్ననూరు, పాపానాయుడుపేట, కొండాపురం, గురివింద, వృత్తిపదజాలం.

ఉపోద్ఘాతం:

హైదరాబాదు నుంచి శ్రీశైలం వెళ్లే దారిలో అచ్చంపేట దాటాక అమ్రాబాదు పీఠభూమి మీద మన్ననూరు వస్తుంది. అక్కడినుంచి నల్లమల అడవి దట్టమవుతుంది. నేటి నాగర్‌కర్నూల్ జిల్లాలోని ఈ ఊరు చెంచుల కోసం ఏర్పడిన సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థకు కేంద్రం. అమ్రాబాదు పులుల అభయారణ్యానికి ముఖద్వారం. శ్రీశైల క్షేత్రానికి ఉత్తర ద్వారంగా భావించే ఉమామహేశ్వరం ఇక్కడికి దగ్గరలోనే ఉంది. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతర జరిగేదీ ఈ అడవిలోనే. యాత్రికులు నడిచిన దారి వెంట అంగడి కూడా నడుస్తుంది. తెలుగునాట ఏ జాతరకు వెళ్లినా పసుపు కుంకుమల అంగడి పక్కన పూసల అంగడి ఉంటుంది. పూసలు, అద్దాలు, దువ్వెనలు, సూదులు గంపలో పెట్టుకొని ఊరూరా తిరిగిన ‘పూసల’ వారికి ఆ సరుకు పేరే కులనామమైంది. అందువల్ల మన్ననూరును అడవి మొదలయ్యే చోటుగానే కాక, అంగడి సరుకు అడవిలోకి అడుగుపెట్టే చోటుగా కూడా చూడవలసి ఉంది.

పూసను గురించి మన పరిశోధన ఇంతవరకు రెండు విధాలుగా సాగింది. పురావస్తు శాస్త్రం దాన్ని తవ్వకంలో దొరికిన వస్తువుగా లెక్కించింది. జానపద విజ్ఞానం ఆభరణంగా వర్ణించింది. పూసకూ ఆభరణానికీ నడుమ ఉన్న పని, అంటే ఏ ఆకారపు పూసను దేని పక్కన ఎన్ని గుచ్చితే ఏ రూపం వస్తుందన్న తెలివి, ఈ రెండింటిలోనూ జారిపోయింది. చిన్న పూసలపువ్వును చర్చకు తీసుకోవడానికి కారణం అదే. పొడవాటి పేరులో ఒక పూస కాస్త పెద్దదైనా చిన్నదైనా చెల్లిపోతుంది. పువ్వులో చెల్లదు.

గింజకూ పూసకూ తేడా:

అడవిలో పూసకు పనికివచ్చే గింజలకు కొరత లేదు. గురివింద కోలగా, ఎర్రగా, ఒక కొసన నల్లటి మచ్చతో ఉంటుంది. కుంకుడుగింజ నల్లగా, నున్నగా, దాదాపు గోళాకారంలో ఉంటుంది. ముషిణిగింజ నాణెంలాగా పలుచగా, చదునుగా ఉంటుంది. సన్నని వెదురు కణుపును కోస్తే గొట్టం వస్తుంది. 1928లో హోరేస్ బెక్ పూసల వర్గీకరణకు ప్రమాణంగా నిలిచిన పత్రాన్ని ప్రచురించాడు. అందులో పూస పొడవుకూ వ్యాసానికీ ఉన్న నిష్పత్తే మొదటి కొలమానం. పొడవు వ్యాసంలో మూడోవంతుకన్నా తక్కువైతే బిళ్లపూస. మూడోవంతు నుంచి పదింట తొమ్మిది వంతుల దాకా పొట్టిపూస. పొడవు, వ్యాసం దాదాపు సమానమైతే ప్రామాణిక పూస. వ్యాసాన్ని పదోవంతుకు మించి దాటితే పొడుగుపూస. ముషిణి, గురివింద, కుంకుడు, వెదురుముక్కలను ఈ పట్టికలో పెడితే గళ్లన్నీ నిండుతాయి. ఆకృతుల వైవిధ్యం కోసం అడవి అంగడి మీద ఆధారపడలేదన్నమాట.

అడవి ఇవ్వలేనిది సమానత్వం. ఒకే తీగకు కాసిన రెండు గురివిందలు కూడా అచ్చంగా ఒకే కొలతలో ఉండవు. పైగా గట్టి గింజకు సన్నని రంధ్రం నడిమధ్యన పడేలా తొలచడం తేలిక కాదు. మెడలో వేసుకునే పేరుకు ఈ లోపాలు అడ్డం కావు. ఆరు గింజలను వలయంగా చుట్టి, మధ్యలో ఏడవదాన్ని నిలిపి పువ్వు చేయాలంటే మాత్రం ఒక రేక ఎగుడుగా, ఒక రేక దిగుడుగా వచ్చి వలయం మూసుకోదు. పూసలపువ్వుకు మొదట కావలసింది అందమైన పూస కాదు, ఒకేలాంటి పూస. చరిత్రలో ఆ అవసరాన్ని పెద్ద ఎత్తున తీర్చినది సాగదీసిన గాజుగొట్టం.

లాడా పద్ధతి:

పుదుచ్చేరి దగ్గరి అరికమేడు క్రీస్తుపూర్వపు శతాబ్దాల నాటికే గాజుపూసల తయారీకి ముఖ్య కేంద్రం. అక్కడా, దక్షిణ, ఆగ్నేయాసియాల్లోని ఇతర కేంద్రాల్లోనూ తయారైన చిన్న ఏకవర్ణపు పూసలు తూర్పు ఆఫ్రికా తీరం నుంచి కొరియా, జపానుల దాకా దొరికాయి. పీటర్ ఫ్రాన్సిస్ వీటికి ‘ఇండో-పసిఫిక్ పూసలు’ అని పేరు పెట్టాడు. ఈ పద్ధతి పుస్తకాల్లో మిగిలిన పురాతన విద్యగా ఆగిపోలేదు. ప్రస్తుత తిరుపతి జిల్లాలో ఏర్పేడు సమీపాన ఉన్న పాపానాయుడుపేట అనే తెలుగు పల్లెలో అది ఇరవయ్యో శతాబ్దంలోనూ సజీవంగా ఉండటం చూసే ఫ్రాన్సిస్, ఆ తరువాత అలోక్ కుమార్ కనుంగో, ప్రాచీన తయారీ విధానాన్ని వివరించగలిగారు. అంతర్జాతీయ పరిశోధనలో ‘లాడా పద్ధతి’ అన్న పేరు స్థిరపడింది ఈ ఊరి పనివాళ్ల నోటిమాట వల్లనే.

లాడా అంటే పొడవైన ఇనుపగొట్టం. కరిగిన గాజుముద్దను దాని కొసకు పట్టించి, దొర్లించి, శంకువు ఆకారానికి తెస్తారు. ముద్ద నడుమ బోలు ఏర్పడేలా చూసి కొలిమిలో నిలుపుతారు. ఎదుటివైపు కూర్చున్న పనివాడు కొక్కెంతో గాజుకొసను అందుకొని లాగడం మొదలుపెడతాడు. ఆ లాగడం గంటల తరబడి ఆగకుండా సాగుతుంది. చేయి వేగం మారితే గొట్టం లావు మారుతుంది. అలా వచ్చిన సన్నని బోలుగొట్టాలను ముందు బారెడు ముక్కలుగా విరిచి, తరువాత పదునైన అంచు మీద చిన్న తునకలుగా నరుకుతారు. తునకలను బూడిదతో కలిపి వేడిచేస్తూ కలియబెడతారు. బూడిద రంధ్రంలోకి చేరి అది మూసుకుపోకుండా కాపాడుతుంది. వేడికి తునకల వాడి అంచులు కరిగి గుండ్రనవుతాయి. చివరకు జల్లెడ పట్టి బూడిదను వేరుచేస్తారు.

ఈ వరుసలో ఆకృతి ఎక్కడ నిర్ణయమవుతున్నదో గమనించాలి. గొట్టం ఒకటే. పొట్టిగా నరికితే బిళ్ల, కాస్త పొడుగు ఉంచితే గుండు, మరీ పొడుగు ఉంచితే గొట్టంపూస. నిప్పు మీద తక్కువసేపు ఉంచితే అంచు వాడిగా మిగులుతుంది, ఎక్కువసేపు ఉంచితే గోళానికి దగ్గరవుతుంది. బెక్ పట్టికలోని తరగతులు తయారీలో వేర్వేరు జాతులు కావు. కత్తివేటుకూ నిప్పు దగ్గర గడిచిన సమయానికీ పెట్టిన పేర్లు. పూస ఆకృతులతో ప్రయోగం సూది పట్టిన చేతిలో మొదలైందని అనుకోవడం అలవాటు. అది కొలిమి దగ్గరే మొదలైంది.

పూస ఎలా పుట్టిందో దాని ఒంటి మీదే రాసి ఉంటుంది. సాగదీసిన గాజులో గాలిబుడగలు రంధ్రానికి సమాంతరంగా సాగి కనిపిస్తాయి. తీగకు చుట్టి చేసిన పూసలో అవి రంధ్రం చుట్టూ తిరుగుతాయి. ఛాయాచిత్రం ఈ తేడాను పట్టదు. పూస చేతికి రావాలి.

తెలంగాణలో పూసల అధ్యయనానికి ముఖ్యమైన ఆధారం కొండాపురం. నేటి సంగారెడ్డి జిల్లాలోని ఈ శాతవాహన కాలపు స్థలంలో గులాం యాజ్దానీ ఆధ్వర్యంలో నిజాం రాజ్య పురావస్తుశాఖ 1941–42లో తవ్వకాలు జరిపింది. అక్కడి పూసల మీద ఎం.జి. దీక్షిత్ రాసిన అధ్యయనం 1952లో హైదరాబాదు పురావస్తు గ్రంథమాలలో 16వ సంఖ్యగా వెలువడింది. రాయి, శంఖం, మట్టి, గాజు ఇలా పదార్థాన్నిబట్టి, ఆకృతినిబట్టి పూసలను వింగడించిన గ్రంథమది. విలువైన పనే. అయితే పూస మట్టిలో నిలుస్తుంది, దారం నిలవదు. దారంతోపాటు కూర్పు కూడా పోయింది. ఈ కారణంగానే అరికమేడు నుంచి నేటి పూసలపువ్వు దాకా రెండువేల ఏళ్ల అవిచ్ఛిన్న సంప్రదాయం ఉన్నదని చెప్పడం తగదు. తెగకుండా వచ్చింది పూస తయారీ. పువ్వు అల్లిక గురించి అంత ధీమాగా మాట్లాడే ఆధారం మట్టిలో మిగలలేదు.

ఒకటి చుట్టూ ఆరు:

చిన్న పూసలపువ్వులో అతి సరళమైనది ఒక పూస చుట్టూ వలయం. నిజమైన గోళాకారపు పూసలైతే, ఒకదాని చుట్టూ అదే కొలత గలవి సరిగ్గా 6 పడతాయి; ఏడోదానికి చోటుండదు, అయిదుతో సందు మిగులుతుంది. అయిదు రేకలే కావాలంటే నడిమి పూస రేకపూసలో సుమారు 0.7 వంతు ఉండాలి. ఏడు రేకలకు 1.3 రెట్లు, ఎనిమిదింటికి 1.6 రెట్లు కావాలి. ఈ నిష్పత్తులను సూది పట్టిన వారెవరూ లెక్కగట్టి తెలుసుకోలేదు. గుచ్చి, చూసి, విప్పి, మళ్లీ గుచ్చి తెలుసుకున్నారు.

గాజుపూస సాధారణంగా పూర్తి గోళం కాదు. నరికి గుండ్రన చేసినది కాబట్టి బెక్ చెప్పిన ‘పొట్టి’ తరగతిలోకి వస్తుంది. వలయంలో దాన్ని గుచ్చినప్పుడు దారం వెంట ఆక్రమించే చోటు వ్యాసం కాదు, పొడవు. పొడవు తగ్గినకొద్దీ వలయం బిగుస్తుంది. ఆరింటితో చుట్టితే నడిమి పూస లోపల ఇమడక పైకి పొడుచుకువస్తుంది, పువ్వు గిన్నెలా ముడుచుకుంటుంది. చదునుగా పరుచుకోవాలంటే ఏడో ఎనిమిదో కావాలి. ముడుచుకోవడం తప్పనిసరిగా లోపం కాదు. విచ్చీవిచ్చని మొగ్గ కావాలంటే ఆ బిగువే పనికివస్తుంది.

ఆకృతి మారిస్తే పువ్వు జాతే మారుతుంది. తెలంగాణ స్త్రీలు బతుకమ్మలో పేర్చే పూలనే ఉదాహరణగా తీసుకుంటే ఈ విషయం తేటపడుతుంది. తంగేడు అయిదు రేకల పసుపుపువ్వు; చిన్న నడిమి పూస, దానిచుట్టూ అయిదు కోలపూసలతో దాని రూపురేఖ వస్తుంది. గునుగుకు రేకలే ముఖ్యం కాదు, అది కంకి. దానికి గొట్టంపూసలు కావాలి. దారాన్ని గొట్టంలోంచి తీసి, కొసన ఒక చిన్న గుండుపూసతో ఆపి, అదే గొట్టంలోంచి వెనక్కి తేవాలి. ఇలాంటివి కాడచుట్టూ కిందనుంచి పైకి పొడవు తగ్గిస్తూ పేరిస్తే గునుగు కూచిదనం వస్తుంది. మోదుగపువ్వు మరీ కష్టం. దాని రేకలు సమానంగా ఉండవు; ఒకటి చిలుకముక్కులా వంగి ఉంటుంది. వలయపు లెక్క అక్కడ పనిచేయదు. ఒక కొసన రంధ్రం ఉన్న బొట్టుపూస కావాలి, లేదా సన్నని తీగకు పూసలెక్కించి రేకను రేకగా వంచాలి. తీగతో రేకలు వంచే విధానాన్ని యూరపులో ఫ్రెంచి పద్ధతి అంటారు. ఫ్రాన్సులో సమాధుల మీద ఉంచే పుష్పగుచ్ఛాలను పూసలతో చేసిన కాలం ఒకటుంది. వెనిస్‌లో ‘ఇంపిరారెస్సె’ అనే పూసలు గుచ్చే స్త్రీలు విసనకర్రలా పట్టిన సూదుల కట్టను పూసల పళ్లెంలో ముంచి తీసేవారు. పూసలపువ్వుల పనిలోనూ వారి చేయి ఉంది.

గొట్టంపూసతో ఒక చిక్కు ఉంది. దాని నరికిన అంచు దారాన్ని కోస్తుంది. గొట్టానికి రెండు కొసలా గుండుపూసలు పెట్టడం దీనికి విరుగుడు. తెలుగు ఇళ్లలో గుమ్మానికి కట్టిన పూసల తోరణాల్లో గొట్టం, గుండు, గొట్టం, గుండు అన్న వరుస తరచుగా కనిపించేది. దాన్ని అలంకార వైవిధ్యంగా మాత్రమే చూస్తాం. దారాన్ని కాపాడే ఉపాయం కూడా అందులో ఉంది. పాపానాయుడుపేటలో బూడిద మధ్య నిప్పు చేసే పనిని ఇక్కడ ఇంకో పూస చేస్తున్నది.

పందొమ్మిదో శతాబ్దం నుంచి బొహీమియాలోని గాబ్లోంజ్, నేటి చెక్ దేశపు యాబ్లొనెత్స్, భారతదేశానికి పూసలు, గాజులు విరివిగా ఎగుమతి చేసింది. సౌరాష్ట్రపు ‘మోతీభరత్’ పనికి వెనిస్ పూసలు ఆధారమయ్యాయి. స్వదేశంలో ఫిరోజాబాదు, పుర్దిల్‌నగర్ వంటి ఊళ్లు గాజుపూసలకు పేరుపొందాయి. తరువాత ప్లాస్టిక్ వచ్చింది. ఇరవయ్యో శతాబ్దపు రెండో సగంలో జపాను యంత్రాలు అంచులు సమంగా తెగిన స్తూపాకారపు పూసను తెచ్చాయి. ఇటుకల్లా ఒకదానిపక్కన ఒకటి ఇమిడే ఆ పూస చదునైన నేతకు దివ్యంగా కుదురుతుంది. పువ్వుకు అంతగా కుదరదు. సమానత్వం సంపూర్ణంగా చేతికొచ్చాక అల్లికలో ప్రయోగం మళ్లీ అసమానత్వం వైపు, అంటే బొట్టు, రెండుకోనల, వడ్లగింజ ఆకారాల వైపు మళ్లడం గమనార్హం. అడవిగింజ దగ్గర వదిలివచ్చిన వైవిధ్యాన్ని గాజులో తిరిగి వెతుక్కుంటున్నట్టే ఉంటుంది.

1943: రెండు చెంచు చిత్రాలు:

వియన్నాలో పుట్టిన మానవశాస్త్రవేత్త క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్ 1940లో అమ్రాబాదు పీఠభూమి చెంచుల మధ్య క్షేత్రపర్యటన చేశాడు. దాని ఫలితమైన ‘ది చెంచూస్: జంగిల్ ఫోక్ ఆఫ్ ది డెక్కన్’ 1943లో లండనులో అచ్చయింది. అదే సంవత్సరం ఎస్. సౌందరరాజన్ దర్శకత్వంలో ‘చెంచులక్ష్మి’ చలనచిత్రం తెలుగు ప్రేక్షకుల ముందుకు వచ్చింది. యాదృచ్ఛికమే అయినా, ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడటం ఉపయోగకరం.

ప్రబంధాల్లో, యక్షగానాల్లో, ఆపైన రంగస్థలం మీద చెంచు స్త్రీకి గురివింద పేర్లు, నెమలి ఈకలు తొడగడం కవిసమయం వంటిది. ఆమె ఒంటి మీద ఉన్నదంతా అడవిలో దొరికినదే అయి ఉండాలి. అంగడి వాసన తగలకూడదు. అహోబిల నరసింహునికి ఆమెను భార్యను చేసిన కథకు ఆ ‘వన్య’ అలంకారం అవసరం కూడా. హైమెన్‌డార్ఫ్ తీసిన ఛాయాచిత్రాల్లోని స్త్రీల మెడల్లో పూసల పేర్లు ఉన్నాయి. అయినా ఆ గ్రంథం పాఠకుడి మనసులో నిలిపిన ప్రధాన చిత్రం వేరు: కర్రతో గడ్డలు తవ్వుకొని, తేనె తీసి, వేటాడి బతికే, వ్యవసాయానికి ముందరి దశ మానవుని చిత్రం. ఒకరు కావ్యమార్గంలో, ఒకరు శాస్త్రమార్గంలో చెంచులను అంగడికి వెలుపలే నిలిపారు.

గాజుపూస దీనికి ఎదురు సాక్ష్యం చెబుతుంది. గురివిందను పెంటలోనే ఏరుకోవచ్చు. గాజును ఏ పెంటలోనూ కరిగించలేదు. చెంచు స్త్రీ మెడలోని ప్రతి గాజుపూసా ఏదో ఒక మారకానికి రశీదు. తేనె, తపసిబంక, ముషిణిగింజలు, కరక్కాయలు, సారపప్పు, ఇప్పపువ్వు, చింతపండు వంటి అటవీ ఫలసాయం కొండ దిగింది. ధాన్యం, ఉప్పు, బట్ట, పూస కొండ ఎక్కాయి. మారకం సమానమైనదని దీని అర్థం కాదు. బంక తూకాన్నీ పూసల ధరనూ నిర్ణయించింది షావుకారే. 1975లో ‘ఆదిమ గిరిజన సమూహం’గా గుర్తించిన ఈ సమాజం చరిత్రకు అవతల మిగిలిపోయిందన్న ధోరణిలో నేటికీ రాస్తూనే ఉన్నారు. మెడలో దేశాంతర వర్తకాన్ని వేసుకొని తిరిగిన వారిని ఏకాంతవాసులనడం ఆధారాలను పక్కన పెట్టడమే అవుతుంది. ఈ దృష్టితో చూస్తే అడవి అంచు గ్రామాల పూసల పేర్లను ఆభరణాల జాబితాలో చేర్చి వదిలేయడం సరిపోదు. వాటిలో ఏ పూస ఎలా పుట్టిందో రంధ్రం, అంచు, బుడగల వరుసను బట్టి చదవాలి.

మాటల జాడ:

దారం నశించినా భాషలో కొంత కూర్పు మిగిలింది. ‘పేరు’ అన్న మాటకు నామమనే కాక సరమనే అర్థం ఉంది. వివరం తప్పకుండా చెప్పడాన్ని ‘పూస గుచ్చినట్లు’ చెప్పడమంటాం. అరుదుగా కనిపించే మనిషి ‘నల్లపూస’ అవుతాడు. బంగారు ఆభరణాల్లో గుండ్లు, పలకసరులు పూస ఆకృతిని బట్టి వచ్చిన పేర్లే. పూవు, పూస అన్న మాటల ధ్వనిసామ్యాన్ని చూసి ఒకదాన్నుంచి మరొకటి పుట్టిందని వ్యుత్పత్తి కట్టడం మాత్రం తొందరపాటు.

నామాలకన్నా క్రియలు ఎక్కువ చెబుతాయి. తెలుగులో పూలను దారంతో ‘కడతారు’, సూదితో ‘గుచ్చుతారు’, జడగా ‘అల్లుతారు’, బతుకమ్మకు ‘పేరుస్తారు’. పూసలను సాధారణంగా ‘గుచ్చడం’ ఒక్కటే. పూసలపువ్వు దగ్గరికి వచ్చేసరికి నాలుగు క్రియలూ వస్తాయి: రేకకు పూసలు గుచ్చాలి, రేకలను వలయంగా అల్లాలి, కాడకు కట్టాలి, గునుగులాంటిదైతే వరుసలుగా పేర్చాలి. ఈ పని పూసల విద్యకన్నా పూలదండ విద్యకు దగ్గరిదని ఈ క్రియలే సూచిస్తున్నాయి. పూలు కట్టడం తెలిసిన చేతులకు ఇది త్వరగా పట్టుబడటంలో ఆశ్చర్యం లేదు.

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తి పదకోశం వ్యవసాయంతో (1962) మొదలై చేనేతకు (1971) సాగినప్పుడు, పనివాడి నోట ఉన్న మాటను పనిముట్టుతో, పని తీరుతో కలిపి నమోదు చేసే పద్ధతి మనకు ఏర్పడింది. పాపానాయుడుపేటలో కొలిమి దగ్గరి మాటలు, జాతర అంగళ్లలో పూసల వారు సరుకును పిలిచే తీరు, ఇళ్లలో తోరణాలు గుచ్చిన స్త్రీలు ఆకృతులకు పెట్టుకున్న పేర్లు ఆ పద్ధతిలో సేకరించవలసినవి. ‘లాడా’ అన్న ఒక్క మాట అంతర్జాతీయ పరిశోధనలోకి వెళ్లింది. దానితోపాటు ఉండే మిగిలిన మాటలు ఆ కొలిమి పనిచేసినవారి జ్ఞాపకంలో ఉన్నాయి.